ఊరికే ఉన్నానన్న మనిషిని ఏ గడిలో రాయాలి?

(తిరుపతిలో అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం చదువుతున్న పీజీ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత సర్వే అధికారి చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసింది.)

అందరికీ నమస్కారం. బాబూ, ఆ మైకు కొంచెం తగ్గించు, వెనక కీచుమంటోంది. ఆ, చాలు.

రాష్ట్రంలో శ్రామిక శక్తి ఎంతో ఎలా కొలుస్తారు, ఇదీ నాకిచ్చిన అంశం. బోర్డు మీద మూడు ముక్కలు రాసి దిగిపోవచ్చు. పని చేస్తున్నవాళ్లు, పని కావాలంటున్నవాళ్లు, ఈ ఇద్దరూ కలిస్తే శ్రామిక శక్తి. పదిహేనేళ్లు నిండిన జనాభాలో వాళ్లెంత శాతమో అది భాగస్వామ్య రేటు. శ్రామిక శక్తిలో పని దొరకనివాళ్లెంత శాతమో అది నిరుద్యోగ రేటు. పరీక్షకు ఇది సరిపోతుంది. ట్యాబ్ చేతిలో పట్టుకుని ఎవరింటి వాకిట్లోనో నిలబడితే మాత్రం సరిపోదు. నా ఉద్యోగమంతా వాకిళ్లలోనే గడిచింది కాబట్టి అక్కణ్ణించే చెప్తా.

పాకాల, ఐరాల పక్క ఒక పల్లె అనుకోండి. పొద్దున పది దాటింది. మగాయన పొలానికి పోయాడు. ఇంటావిడ వాకిట్లో చింతపండు గింజ తీస్తా ఉంటుంది. మీరు అడుగుతారు, "ఏం పని చేస్తారమ్మా?" అని. ఆమె అంటుంది, "పనేముంది సార్, ఊరికే ఇంటికాడే ఉంటా." మీ ట్యాబ్‌లో 92 అని ఒక కోడ్ ఉంది. ఇంటి పనులు మాత్రమే చేసుకునేవాళ్లకు అది. అది నొక్కితే అర నిమిషంలో పక్కింటికి పోవచ్చు. ఆమె శ్రామిక శక్తిలో లేనట్టే.

కొంచెం ఆగి, ఆ పక్కన కట్టేసిన ఆవులెవరివమ్మా అని అడగండి. "మావే సార్, రెండు ఉండాయి." పాలు పిండేదెవరు? "నేనే." పాలకేంద్రానికి పోసేదెవరు? "పొద్దున నేను, సాయంత్రం పిల్లోడు." గడ్డి, దాణా, పేడ? "అదంతా ఎవురు చేస్తారు సార్, నేనే." డబ్బులు? "ఆయన పేరు మీద పుస్తకం ఉండాది, అందులో పడతాయి." ఆ చింతపండు? "కూలికి తెచ్చుకున్నా, కిలోకింత అని ఇస్తారు."

ఇప్పుడు చెప్పండి, ఈమె పని లేని మనిషా? పాలు అమ్మకానికి పోతున్నాయి, చింతపండుకు కూలి వస్తోంది. సర్వే నిర్వచనం ప్రకారం ఆమె నూటికి నూరుపాళ్లు పనిచేసే మనిషి. పాల పుస్తకం భర్త పేరున ఉంది, వ్యవహారం ఆయనది, ఈమె జీతం లేకుండా చేస్తోంది అనుకుంటే కోడ్ 21, అంటే సొంత కుటుంబ వ్యాపారంలో సహాయకురాలు. ఆవుల వ్యవహారం తనదే అయితే 11, సొంతంగా చేసుకునే మనిషి. ఈ రెండిట్లో ఏదన్నది మీరు ఇంకో రెండు ప్రశ్నలు అడిగాక తేలుతుంది. రెండిట్లో ఏదైనా సరే, ఆమె 92 మాత్రం కాదు.

నా మాటంతా ఇదే. శ్రామిక శక్తి అనేది తలలు లెక్కపెడితే వచ్చే అంకె అని జనం అనుకుంటారు. అది అడిగితే వచ్చే అంకె. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు ఒకటి, మూడో ప్రశ్నకు వచ్చిన జవాబు ఒకటి. రాష్ట్రం అంకె ఈ రెండింటి మధ్య ఎక్కడో ఊగుతా ఉంటుంది.

ఎంత ఊగుతుందో చూద్దాం. లెక్క కోసం నేనే ఒక ఊరు కల్పిస్తున్నా, నిజం ఊరు కాదు. పదిహేను దాటినవాళ్లు 800 మంది. మగవాళ్లు 400, ఆడవాళ్లు 400. మగవాళ్లలో 300 మంది పని చేస్తున్నారు, 20 మంది పని వెతుకుతున్నారు. ఆడవాళ్లలో 120 మంది పని చేస్తున్నామన్నారు, 10 మంది వెతుకుతున్నామన్నారు. శ్రామిక శక్తి 450. భాగస్వామ్య రేటు 56 శాతం పైన. నిరుద్యోగులు 30, అంటే 450లో 6.7 శాతం. రాసుకున్నారా?

మరుసటి ఏడు అదే ఊరికి ఇంకో అమ్మాయి పోయింది. ఓపికమంతురాలు. ఆవుల గురించి, చింతపండు గురించి, విస్తరాకుల గురించి అడిగింది. 92లో ఉన్న 80 మంది ఆడవాళ్లు పనిచేసేవాళ్ల లెక్కలోకి వచ్చారు. శ్రామిక శక్తి 530 అయింది, రేటు 66కు లేచింది. నిరుద్యోగులు అదే 30 మంది. కానీ 530లో 30 అంటే 5.7 శాతం. ఊళ్లో ఒక్కరికి కూడా కొత్తగా పని దొరకలేదు, నిరుద్యోగం ఒక శాతం పడిపోయింది! పేపరోళ్లు రాయరా, "నిరుద్యోగం తగ్గుముఖం" అని? రాస్తారు. (నవ్వులు)

మొదటి లెక్కకే మళ్లీ పోదాం. ఆ 30 మందిలో 15 మంది విసుగొచ్చి, మాకు పనీ వద్దు పాడూ వద్దు అన్నారు. శ్రామిక శక్తి 435, నిరుద్యోగులు 15, రేటు 3.4 దగ్గరికొచ్చింది. ఇక్కడ ఊరు చెడిపోయినందుకు అంకె బాగుపడింది. అందుకే నేను పిల్లలకు చెప్తుంటా, నిరుద్యోగ రేటు ఒక్కటే చూపించి ఎవరు ఏం చెప్పినా, భాగస్వామ్య రేటు ఎంతుందో చూపించమని అడగండి. అది లేకుండా ఇది చదవడం దండగ.

ఇప్పుడు కొంచెం చరిత్ర. తొందరగా చెప్పేస్తా. 1950లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ చొరవతో జాతీయ నమూనా సర్వే మొదలైంది. మొదట్లో ప్రణాళికా సంఘం దేశంలో ఇంతమంది నిరుద్యోగులు మిగిలిపోయారు అని ఒక్క అంకె చెప్పేది. నిరుద్యోగ అంచనాలను పరిశీలించడానికి వేసిన దాంట్వాలా కమిటీ 1970లో నివేదిక ఇస్తూ, మన దేశంలో ఒక్క అంకె కుదరదు అని తేల్చింది. సొంత పొలం వాడు, కూలి వాడు, నెల జీతగాడు, ఏడాదికి రెండు నెలలు పనిచేసేవాడు, వీళ్లందరినీ కలిపి ఒకే మూటగా కట్టలేం అంది. ఆ సలహా మీదే 1972-73 నుంచి సుమారు ఐదేళ్లకోసారి పెద్ద సర్వే జరిగింది. చివరిది 2011-12. 2017 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో పీఎల్ఎఫ్ఎస్, అంటే పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే వచ్చింది, ఏటా జరిగే సర్వే. 2025 జనవరి నుంచి దాన్ని మళ్లీ మార్చి నెలనెలా అంకెలు ఇస్తున్నారు. 2025 ఏప్రిల్ నెల అంకెలు మే 15న వచ్చాయి, అదే మొదటిది. అంతకుముందు దేశం మొత్తం మీద ఏడాదికి లక్ష పైచిలుకు ఇళ్లు చూసేవాళ్లు, ఇప్పుడు 2 లక్షల 72 వేల పైన.

దాంట్వాలా కమిటీ చెప్పిన దాంట్లో ఇప్పటికీ మనం మోస్తున్నది కాలం సంగతి. మనిషి పనిచేస్తున్నాడా అంటే ఎప్పుడు? నిన్ననా, పోయిన వారమా, పోయిన ఏడాదంతానా? ఇది మన పాత చిత్తూరు జిల్లాలో చాలా ముఖ్యం. ఎందుకో చెప్తా.

చిత్తూరు, బంగారుపాళ్యం పక్క మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. తోతాపురి కాయ దిగేటప్పుడు రాత్రింబగళ్లు నడుస్తాయి. సీజన్ అయిపోతే తాళం. ఒకామె అక్కడ కాయ కోసే బల్ల దగ్గర నెలన్నర పనిచేసింది. మిగతా ఏడాదంతా ఇంటి పనే. ఆమె ఎవరు?

ఏడాది మొత్తం చూసి, ఎక్కువ కాలం ఏం చేసిందని అడిగితే ఇంటి పని. దీన్ని ముఖ్య స్థితి అంటారు. ఆ ప్రకారం ఆమె శ్రామిక శక్తి బయట. కానీ ముప్పై రోజులకు తక్కువ కాకుండా ఇంకేదైనా పని చేసిందా అని రెండో ప్రశ్న ఉంటుంది, అది అనుబంధ స్థితి. నెలన్నర చేసింది కాబట్టి ఆ లెక్కన లోపలికి వచ్చింది. ఈ రెండూ కలిపి చూసేదే సాధారణ స్థితి. ఏటా పేపర్లో పెద్దగా వచ్చే అంకె అదే. మూడోది వారపు స్థితి. పోయిన ఏడు రోజుల్లో, ఏదో ఒక రోజున కనీసం ఒక గంట పని చేశావా అని. జూన్ చివర్లో అడిగితే చేశాననే చెప్తుంది. నవంబర్‌లో అడిగితే లేదంటుంది. ఒకే మనిషి, ఒకే ఏడాది, మూడు రకాల జవాబులు. మూడూ నిజమే. అందుకే సర్వేను ఏడాది పొడవునా పరిచి చేస్తారు, అందరి ఇళ్లకూ మామిడి కాలంలోనే పోకుండా. నెలనెలా వచ్చే అంకెలు వారపు స్థితివి, ఏడాది నివేదికలో సాధారణ స్థితి కూడా ఉంటుంది. ఒక దానికీ ఒక దానికీ పోలిక పెట్టి "పెరిగింది, తగ్గింది" అని వ్యాసం రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

గంట పని చేస్తే ఉద్యోగి ఏంది సార్ అని మీకు కోపం వస్తుందని తెలుసు. మీలో సాయంత్రం బండి మీద భోజనం డెలివరీ చేసేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి, సిగ్గేం లేదు. ఆ... ఉన్నారు. వారపు స్థితిలో మీరు ఉద్యోగులు. అక్కడ వరుస ఉంటుంది. పనికి మొదటి పీట, పని వెతుక్కోవడానికి రెండో పీట, చదువు, ఇంటి పని అన్నిటికన్నా చివర. వారంలో నలభై గంటలు క్లాసులో కూర్చుని రెండు గంటలు బండి తిప్పినా మీరు పనిచేసేవాళ్ల కిందే లెక్క. అదే ఏడాది ముఖ్య స్థితిలో మీరు విద్యార్థులు, కోడ్ 91. గంట నియమం మన ప్రభుత్వం అంకె బాగా కనపడాలని పెట్టింది కాదు, అంతర్జాతీయంగా ఉన్నదే. దేశంలో ఉత్పత్తికి చెమటోడ్చిన ప్రతి చేతినీ పట్టుకోవాలన్నది దాని ఉద్దేశం. చాలినంత పని దొరికిందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి రోజుకు ఎన్ని గంటలు చేశావని విడిగా రాస్తాం. ఆ పట్టిక ఎవరూ తెరవరు, అది వేరే సంగతి.

ఇక ఎవరిని లెక్కలోకే తీసుకోం అన్నది. అమెరికాలో రాష్ట్రాల వారీగా ఇచ్చే అంకెకు సివిలియన్ లేబర్ ఫోర్స్ అని పేరు. పదహారేళ్లు దాటినవాళ్లలో సైన్యంలో ఉన్నవాళ్లను, జైళ్లలో, వృద్ధాశ్రమాల్లాంటి సంస్థల్లో ఉన్నవాళ్లను పక్కన పెట్టి మిగిలినవాళ్లను చూస్తారు. మన దగ్గర ఆ పేరు పెద్దగా వాడం. కానీ పని దాదాపు అదే జరుగుతుంది. బ్యారక్స్‌లో ఉండే సైనికులు, పారామిలిటరీ వాళ్లు మన సర్వే పరిధిలోకి రారు. ఫ్యామిలీ క్వార్టర్స్‌లో ఉండే కుటుంబాలు వస్తాయి. శిక్ష పడి జైల్లో ఉన్న ఖైదీలు రారు. ఆసుపత్రిలో పడుకున్న రోగి ఆసుపత్రి లెక్కలో రాడు, తన ఇంటి లెక్కలో వస్తాడు. సొంత నివాసమంటూ లేకుండా తిరిగేవాళ్లు రారు. కానీ ఫ్లైఓవర్ కింద రోజూ అదే చోట సంసారం చేసేవాళ్లు వస్తారు.

తిరుపతిలో ఇది ప్రతిరోజూ కనిపించే విషయం. రోజుకు అరవై, డెబ్బై వేల మంది కొండకు వస్తారు. వాళ్లను మనం లెక్క పెట్టం, వాళ్లంతా ఎక్కడో ఒక ఇంటి మనుషులు. వాళ్ల కోసం లాడ్జీల్లో దుప్పట్లు ఉతికేవాళ్లను, జీపు తోలేవాళ్లను, అలిపిరి దగ్గర పూలమ్మేవాళ్లను లెక్క పెడతాం. గుడి మెట్ల దగ్గర చెయ్యి చాచేవాళ్లకు రోజుకు ఎంతొచ్చినా సరే, భిక్షాటన ఆర్థిక కార్యకలాపం కాదని నియమం. వాళ్ల కోడ్ 97. ఇది న్యాయమా అని నన్నడిగితే నేను చెప్పలేను. నియమం మాత్రం అది.

తర్వాతది నివాసం. మన పాత చిత్తూరు జిల్లా మూడు రాష్ట్రాల మూలలో ఉంది కదా, ఇది ఇక్కడ అర్థమైనంత తేలిగ్గా గుంటూరులో అర్థం కాదు. శ్రామిక శక్తిని మనిషి పడుకునే చోట లెక్కపెడతారు, పనిచేసే చోట కాదు. కుప్పంలో పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొచ్చేవాడు ఆంధ్రప్రదేశ్ శ్రామిక శక్తి. ఉద్యోగం కర్ణాటకది. అదే మనిషి అక్కడే రూము తీసుకుని పండగకొకసారి ఇంటికొస్తున్నాడంటే, ఆరు నెలల నియమం ప్రకారం కర్ణాటక మనిషి అయిపోయాడు. ఇంట్లో అమ్మ "మా వాడే సార్, రాసుకోండి" అంటుంది. రేషన్ కార్డులో ఉన్నాడు, ఓటు ఇక్కడే ఉంది, పెళ్లి సంబంధాలు ఇక్కడే చూస్తున్నారు. కానీ రాయకూడదు. ఆమెకు నచ్చజెప్పడానికి ఒక కాఫీ పడుతుంది. శ్రీసిటీకి సరిహద్దు అవతలి తమిళ ఊళ్ల నుంచి వచ్చి పనిచేసేవాళ్లు దానికి తలకిందులు. ఉద్యోగం తిరుపతి జిల్లాలో, మనుషులు తమిళనాడు లెక్కలో. కువైట్‌కు పోయినవాళ్లయితే ఏ రాష్ట్రం లెక్కలోనూ లేరు. అందుకే ఫలానా చోట ఇన్ని వేల ఉద్యోగాలొచ్చాయి, మరి సర్వేలో ఉపాధి పెరగలేదేం అని కొట్టుకోవడం అనవసరం. ఉద్యోగాల లెక్క వేరు, మనుషుల లెక్క వేరు. ఒకడికి రెండు ఉద్యోగాలుంటే అక్కడ రెండు, ఇక్కడ ఒకటి.

పీఎఫ్ ఖాతాలు, ఈ-శ్రమ్ పోర్టల్, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ, వీటితో లెక్కేస్తే సరిపోదా అని కొందరంటారు. ఇవి రిజిస్టర్లు. పేరు రాయించుకున్నవాడు కనిపిస్తాడు, రాయించుకోనివాడు కనిపించడు. ఎక్స్ఛేంజీలో పేరు నమోదు చేయించుకుని తర్వాత ఉద్యోగంలో చేరి, పేరు తీయించనివాళ్లు మీ ఇళ్లల్లోనే ఉంటారు. ఇంతకంటే దీని మీద సమయం వద్దు.

అమెరికా సంగతి ఇంకొంచెం చెప్తా, ఎందుకంటే మనం వాళ్లను చూసి కొంచెం ఎక్కువే భయపడతాం. వాళ్లు నెలకు సుమారు 60 వేల ఇళ్లను సర్వే చేస్తారు, మామూలుగా నెలలో 12వ తేదీ ఉన్న వారం గురించి అడుగుతారు. దేశానికి ఆ శాంపిల్ బాగా సరిపోతుంది. యాభై రాష్ట్రాలకు పంచితే చిన్న రాష్ట్రానికి మిగిలేవి కొన్ని వందల ఇళ్లు, అంకె నెలనెలా గంతులేస్తుంది. అందుకని రాష్ట్రాల అంకెకు సర్వేతో పాటు కంపెనీల జీతాల జాబితాలు, నిరుద్యోగ బీమాకు పెట్టుకున్న దరఖాస్తులు కలిపి ఒక గణాంక మోడల్‌లో వేసి, గంతులు తగ్గించి ఇస్తారు. మనకు అంత విస్తారమైన నిరుద్యోగ బీమా లేదు. అందుకే మన భారమంతా వాకిట్లో అడిగే ప్రశ్న మీదే పడింది.

వాళ్లకూ ఆ వాకిలి తప్పలేదు. 2020 ఏప్రిల్, కరోనా మొదటి దెబ్బ. నిరుద్యోగం 14.7 శాతం అని ప్రకటించారు. దాంతో పాటే వాళ్ల గణాంక సంస్థ ఒక వివరణ ఇచ్చింది. దుకాణం మూతపడి ఇంట్లో కూర్చున్నవాళ్లలో చాలామందిని "తాత్కాలికంగా తీసేశారు" అని రాయాల్సింది పోయి "ఉద్యోగం ఉంది, ఈ వారం పోలేదు" అన్న గడిలో రాశారు, అలా రాయకపోయి ఉంటే రేటు దాదాపు 5 శాతం పాయింట్లు ఎక్కువ ఉండేది అని. అంత పెద్ద దేశం, అన్నేళ్ల అనుభవం, ఒక్క గడి మారితే ఐదు పాయింట్లు. నాకు ఆ వివరణ చదివినప్పుడు వాళ్ల మీద గౌరవం పెరిగింది. అంకె మార్చలేదు, దాచనూ లేదు, ఇదిగో ఇలా జరిగింది అని పక్కన రాశారు.

ఇంకో తేడా ఉంది. అక్కడ నిరుద్యోగి అనిపించుకోవాలంటే మామూలుగా పోయిన నాలుగు వారాల్లో పని కోసం ప్రయత్నం చేసి ఉండాలి. మన దగ్గర ప్రయత్నం చేయకపోయినా, పని ఇస్తే చేస్తానంటే చాలు. మన పల్లెల్లో దరఖాస్తు ఎక్కడ పెడతారు? మేస్త్రీ పిలిస్తే పోతారు, పిలవకపోతే లేదు. కాబట్టి ఈ నియమం మనకు సరైనదే. కానీ ఇది కూడా అడిగే తీరు మీద ఆధారపడింది. తిరుపతిలో గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే కుర్రాడు ఉంటాడు. ఇరవై ఏడేళ్లు. డిగ్రీ అయిపోయి ఐదేళ్లయింది. ఏం చేస్తున్నావయ్యా అంటే "ప్రిపేర్ అవుతున్నా సార్" అంటాడు. విద్యార్థి అని రాసేస్తే శ్రామిక శక్తి బయట. రేపు పొద్దున మామూలు ఉద్యోగం ఇస్తే చేరతావా అని అడగాలి. చేరతానంటే 81, నిరుద్యోగి. చేరను, నోటిఫికేషన్ వచ్చేదాకా చదువుతానంటే బయట. ఒకే రూములో ఇద్దరు, ఒకే పుస్తకం పంచుకుని చదువుతుంటారు, ఒకడు లోపల, ఒకడు బయట.

ఇప్పుడు ఆడవాళ్ల అంకె. దేశం మొత్తం మీద పదిహేను దాటిన ఆడవాళ్లలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్లు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఆరేళ్లలో పద్దెనిమిది పాయింట్లు. మగవాళ్లది అదే కాలంలో 75.8 నుంచి 78.8. ఇది మామూలు మార్పు కాదు. దీని మీద ఢిల్లీలో రెండు వర్గాలు తిట్టుకుంటున్నాయి. ఒకరు ఆడవాళ్లకు పనులు దొరికాయంటారు. ఇంకొకరు ఇంట్లో డబ్బు చాలక ఆవును కట్టుకున్నారు, కొట్టు పెట్టుకున్నారు, దాన్ని ఉపాధి అంటారా అంటారు. పనిచేసే ఆడవాళ్లలో స్వయం ఉపాధి వాటా 51.9 నుంచి 67.4కు పెరిగిందని అదే సర్వే చెప్తోంది కాబట్టి రెండో మాటను తీసిపారేయలేం. నేను మూడోది కూడా చేర్చుతా. ఎప్పటినుంచో పనిచేస్తూ, 92లో పడి ఉన్నవాళ్లు కొందరు ఇప్పుడు బయటపడ్డారు. మూడింట్లో ఏది ఎంతన్నది ఎవరైనా ఖచ్చితంగా చెప్తే నమ్మకండి.

ఒక చేదు మాట. మనం ఇంటికి పోతే అందరి గురించీ ఒక్కరే చెప్తారు. మామగారో, అత్తగారో, భర్తో. "మా కోడలు ఏం చెయ్యదండీ, ఇంట్లోనే" అంటాడు పెద్దాయన. చెయ్యదు అనడంలో ఆయనకు కొంచెం గొప్ప కూడా ఉంటుంది, మా ఇంటి ఆడది కూలికి పోదు అని. నారాయణవనం, పుత్తూరు పక్క మరమగ్గాల ఇళ్లల్లో చూడండి. మగ్గం ఆయనది. కండెలు చుట్టేది, తెగిన దారం ముడేసేది ఆమె. లెక్కలో నేతగాడు ఒకడే అని చెప్తారు. కుదిరినప్పుడల్లా ఆమెనే పిలిచి అడగాలి. టైం యూజ్ సర్వే అని ఇంకోటి ఉంది, రోజులో అర గంట అర గంట ఏం చేశారని అడుగుతారు. 2019లో ఇంటి పనుల్లో పాల్గొన్న ఆడవాళ్లు అందులో రోజుకు 299 నిమిషాలు పెట్టారు, మగవాళ్లు 97. 2024లో 289, 88. ఆ ఐదు గంటలు శ్రామిక శక్తి లెక్కలోకి రావు. వంట, పిల్లలు, ముసలివాళ్ల సేవ, ఇవన్నీ నిర్వచనం బయట. 2013లో జెనీవాలో గణాంక నిపుణుల అంతర్జాతీయ సమావేశం ఇదంతా "పని" అని ఒప్పుకుంది, కానీ "ఉపాధి" మాత్రం జీతానికో లాభానికో చేసేదే అని గీత గీసింది. ఆ గీత ప్రకారం పోతే సొంత తిండికి మాత్రమే పండించుకునే రైతు కూడా ఉపాధి లెక్క నుంచి పోతాడు. మనం ఇంతవరకు అతన్ని లెక్కలోనే ఉంచుకున్నాం. ఈ విషయంలో మన పాత పద్ధతే మేలని నా అభిప్రాయం.

చివరిగా పరిమాణం. ఇంతసేపూ శాతాలు చెప్పా. ఎంతమంది అన్నది ఎలా వస్తుంది? సర్వే ఇచ్చే నిష్పత్తిని జనాభాతో గుణించాలి. ఆ జనాభా ఎక్కడిది? చివరి జనగణన 2011ది. అప్పుడు పాత చిత్తూరు జిల్లా 41.7 లక్షలు. 2021లో జరగాల్సింది జరగలేదు. రాబోయేదానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఈ మధ్యలో అందరం 2011 మీద కట్టిన అంచనాలతోనే బండి లాగిస్తున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను దాటినవాళ్లు నాలుగు కోట్ల పైన ఉంటారనుకుంటే, భాగస్వామ్య రేటులో ఒక్క శాతం తప్పు నాలుగు లక్షల మంది. అంచనా జనాభాలో ఒక్క శాతం తప్పున్నా, రేటు ఎంత బాగా కొలిచినా, మనుషుల సంఖ్యలో లక్షల తేడా వస్తుంది. వలసలెక్కువ ఉన్న మనలాంటి చోట ఈ అంచనా తప్పడం ఇంకా తేలిక. కాబట్టి మీ ప్రాజెక్టుల్లో "రాష్ట్ర శ్రామిక శక్తి ఇన్ని కోట్ల ఇన్ని లక్షల ఇన్ని వేల" అని ఒంట్ల స్థానం దాకా రాయకండి. కోట్లలో ఒక దశాంశం చాలు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, జనగణనలో కూడా పనిచేసేవాళ్ల సంఖ్య ఉంటుంది కదా. అది అందరి ఇళ్లకూ పోతుంది. అదే వాడొచ్చు కదా?

వాడొచ్చు అమ్మా, దాని పని దానికుంది. ఏ మండలంలో ఎంతమంది సేద్యగాళ్లు, ఎంతమంది వ్యవసాయ కూలీలు అన్నది శాంపిల్ సర్వే చెప్పలేదు, జనగణన చెప్తుంది. ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన పనిచేస్తే ముఖ్య కార్మికులు, అంతకన్నా తక్కువైతే ఉపాంత కార్మికులు. కానీ దానికి పోయేది ఎక్కువగా బడి టీచర్లు. ఒక్కొక్కరికి వందకు పైగా ఇళ్లు, ఒక్కో మనిషి గురించి ముప్పై దాకా ప్రశ్నలు. ఆవుల గురించి మూడో ప్రశ్న అడిగే తీరిక ఆ పంతులమ్మకు ఎక్కడుంటుంది? అందుకే జనగణనలో ఆడవాళ్ల పని ఎప్పుడూ తక్కువ తేలుతుంది.

ప్రశ్న: సర్వే వాళ్లు వస్తే జనం నిజం చెప్తారా సార్? పెన్షన్ పోతుందేమో, కార్డు తీసేస్తారేమో అని దాచరా?

దాస్తారు. ఆదాయం ఎక్కువ దాస్తారు, పని తక్కువ దాస్తారు. మొదట ఐదు నిమిషాలు మీరెవరో, ఎందుకొచ్చారో చెప్పడానికే. పంచాయతీ వాళ్లతో కలిసి పోవద్దు. పోతే మిమ్మల్ని పథకం ఇచ్చేవాళ్లనుకుని, పని లేదు సార్ అని మొదలుపెడతారు. ఇప్పుడు అదే ఇంటికి నాలుగు నెలలు వరుసగా పోతున్నారు కదా, రెండోసారికి కుర్చీ వేస్తారు, మూడోసారికి నిజం చెప్తారు. నాలుగోసారికి "మళ్లా వచ్చినారా" అంటారు. (నవ్వులు)

ప్రశ్న: తిరుపతి జిల్లాకు విడిగా అంకె దొరుకుతుందా? నా డిసర్టేషన్‌కు కావాలి.

2025 నుంచి శాంపిల్ తీయడానికి ఎక్కువ చోట్ల జిల్లానే ప్రాథమిక భాగంగా తీసుకున్నారు, కాబట్టి మునుపటికంటే మెరుగు. అయినా నెల అంకెను జిల్లాకు వాడొద్దు, అసలు నిలవదు. ఏడాది మొత్తం డేటా తీసుకో. కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఒక్కో మనిషి జవాబులున్న ముడి డేటా ఉచితంగా ఇస్తారు, ఇంటి చిరునామాలు, పేర్లు ఉండవు. ఇంకో సంగతి, మన జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది, చిత్తూరు ముక్క కొంత, నెల్లూరు ముక్క కొంత. పాత ఏళ్లతో పోల్చాలంటే సరిహద్దులు కలవవు, అది రాసుకో. డేటా తెరిచాక ముందు మన జిల్లాలో ఎన్ని ఇళ్లు, ఎంతమంది మనుషులు ఉన్నారో చూడు, వాళ్లలో నిరుద్యోగులు పదో పాతికో తేలితే వయసు వారీగా, చదువు వారీగా ముక్కలు చెయ్యొద్దు. చివరన మల్టిప్లయర్ అని ఒక కాలమ్ ఉంటుంది, శాంపిల్‌లో ఒక్కో మనిషి జనాభాలో ఎంతమందికి బదులో చెప్పే అంకె అది. అది వెయ్యకుండా సగటు తీసి తెచ్చినవాళ్లను చాలామందిని చూశా. వేసి, వెయ్యక రెండు రకాలుగా తీసి నాకు మెయిల్ పెట్టు, చూసి చెప్తా.